బావి చూడ్డానికే వస్తారు ఆ ఊరికి!

బావి చూడ్డానికి ఎవరైనా టిక్కెట్టు కొంటారా అంటే మీరు నవ్వుతారు. కానీ అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో జరుగుతున్నది అదే.

చుట్టూ కనుచూపు మేర గడ్డి మైదానం, గోధుమ చేలు, పశువుల బీళ్ళు. కొండా లేదు, కోనా లేదు. ఊరికి ఉన్న ఆకర్షణల్లా ఆ బావే. 1887లో మొదలుపెట్టి 1888లో పూర్తి చేశారు. లోతు 109 అడుగులు, అంటే మన లెక్కలో 36 గజాల పైమాటే. వెడల్పు 32 అడుగులు. యంత్రం అన్నది లేదు. పలుగు, పార, గిలక, మోకు, అంతే! పక్కలు కూలకుండా రాతి ఒర కట్టారు. 1932 దాకా ఊరంతా ఆ నీళ్ళే తాగింది. వాడకం ఆగినా పూడ్చలేదు. 1939 నుంచి చూడవచ్చేవారికి తెరిచిపెట్టారు.

2007 మే 4 రాత్రి పెద్ద సుడిగాలి ఊరిమీద పడింది. ఊళ్ళో 95 శాతం నేలమట్టమైంది. పదిమందికి పైగా చనిపోయారు. ముందుగా సైరన్లు మోగబట్టి, నేలమాళిగల్లో దాక్కున్నవారు బతికి బయటపడ్డారు. పైనున్న కట్టడం పోయినా బావి మాత్రం నిలిచింది.

తర్వాత ఏం చేశారో చూడండి. ఏ గాలి ఊరిని కూల్చిందో ఆ గాలినే పనిలో పెట్టారు. ఊరి బయట 10 గాలిమరలు నిలబెట్టారు. వాటి సామర్థ్యం 12.5 మెగావాట్లు. ఊరి భవనాలను తక్కువ కరెంటుతో నడిచేలా కట్టుకున్నారు. 2012లో బావి మీద కొత్త మ్యూజియం తెరిచారు. మెట్లు దిగి లోపలికి పోయి చూడవచ్చు.

అక్కడే ఆకాశం నుంచి రాలిన ఉల్క ముక్క కూడా ఉంది. దాని బరువు సుమారు 450 కిలోలు. ఆ చుట్టుపక్కల పొలాల్లో ఇలాంటివి దొరికాయి. ఎలీజా కింబర్లీ అనే రైతు ఇల్లాలు 1880లలో ఆ బరువైన నల్లరాళ్ళను పోగేసింది. 1890లో శాస్త్రజ్ఞులు వచ్చి వాటిని డబ్బిచ్చి కొనుక్కుపోయారు.

అయితే ఒక మాట. చూడవచ్చేవాళ్ళతోనే ఊరు నిండదు. 2000లో 1,574 ఉన్న జనాభా 2020 నాటికి 740కి పడిపోయింది. ఇళ్ళు పోయినవాళ్ళలో చాలామంది మళ్ళీ రాలేదు. ఉన్నవాళ్ళు మాత్రం తమ బావిని వదులుకోలేదు.

మన ఊళ్ళలో బోర్లు వచ్చాక మోటబావులు చెత్తకుండీలయ్యాయి. మీ పొలంలో పాతబావి ఉంటే పూడ్చే ముందు కాస్త ఆగండి. ఎవరు తవ్వారో, ఎన్ని గజాల్లో ఊట పడిందో పెద్దలను అడిగి రాసిపెట్టుకోండి. పిల్లలు, పశువులు పడకుండా చుట్టూ గట్టు కట్టించండి. ఆ లెక్క రేపు మీ పిల్లలకు పనికొస్తుంది.