పాత మోటారుకారునకు వెల కట్టుట ఎట్లు?

మన సింధనూరు ప్రాంతపు కాంపులలో ఇంటి వెనుకనున్న రేకుల షెడ్డులో తాతలనాటి జీపో, కారో దుమ్ము పట్టి పడియున్నదనుకొనుడు. పాత ఇనుము కొనువాడు వచ్చి తూకము లెక్కన ధర చెప్పును. అతనికి తాళపుచెవి అందించుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ బండి వెలను తూకమే నిర్ణయించునా?

సామాన్యముగా వాహనము పాతబడిన కొలది వెల తగ్గును. మన దేశమున బీమా సంస్థల పట్టిక ప్రకారము కొత్త బండి వెలలో ఆరు మాసములలోగా నూటికి 5, ఏడాదిలోగా 15, రెండేండ్లలోగా 20, మూడేండ్లలోగా 30, నాలుగేండ్లలోగా 40, ఐదేండ్లలోగా 50 వంతున తగ్గింతురు. ఐదవ యేడు నడచుచున్న పది లక్షల కారు ఐదు లక్షలుగా లెక్కకు వచ్చును. అటుపైన పట్టిక లేదు. యజమానియు బీమా సంస్థయు కూడి నిర్ణయించుకొనవలసినదే.

అపురూపమైన కార్ల లెక్క దీనికి తలక్రిందులు. ఇటలీ దేశపు ఫెరారీ కంపెనీ 1962 మొదలు 1964 వరకు 250 జి.టి.ఓ. అను పందెపు కార్లను 36 మాత్రమే నిర్మించెను. అందొకటి 2018 ఆగస్టులో అమెరికాలోని మాంటెరేలో వేలమునకు రాగా పాట 4 కోట్ల 40 లక్షల డాలర్ల వద్ద ఆగినది. వేలముశాల రుసుముతో కలిపి కొన్నవారికి పడినది 4 కోట్ల 84 లక్షల డాలర్లు. పత్రికలలో కనబడునది సాధారణముగా ఈ రెండవ అంకెయే. దానిని చూచి మురిసిపోవు విక్రేతకు అంత ముట్టదు.

కొద్దిగా మిగిలియుండుట ఒక్కటే చాలదు. కోరువారు కూడ ఉండవలెను. ఎవరికిని అక్కరలేని కారు లోకమున ఒక్కటే మిగిలినను దాని వెల ఇనుము వెలయే. కోరువారు మొదట చూచునది చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య. కర్మాగారమునుండి వెలువడిననాటి ఇంజనే నేటికిని అందున్నదా? రంగు మొదటిదేనా? ఎవరెవరి చేతులు మారినది? పాత రసీదు, రిజిస్ట్రేషను పుస్తకము, ఒక పాత ఛాయాచిత్రము, వీని విలువ కొత్త చక్రముల విలువను మించును.

చరిత్ర వెలను పెంచుననుటకు మన పాత రాజధానిలోనే నిదర్శనమున్నది. 1948 వరకు రాయచూరు జిల్లా నిజాము ఏలుబడిలో నుండెను గదా. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తెప్పింపదలచిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది; ఆయన 1911 లోనే గతించెను. సింహాసనము వంటి ఆసనముగల ఆ పసుపుపచ్చని కారును హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున చూడవచ్చును. అది పందెపు కారు కాదు, ఊరేగింపు కారు. అయినను అట్టిదానిని ఏ పట్టికతో కొలువగలము?

ఇక మన షెడ్డులోని బండి మాట. అదే రకపు బండి, చక్కగా బాగుచేసినది, నిజముగా ఎంతకు అమ్ముడుపోయెనో విచారింపవలెను. అడిగిన ధర వేరు, అమ్మిన ధర వేరు. అది 18 లక్షలనుకొనుడు. మన బండిని ఆ స్థితికి తెచ్చుటకు 11 లక్షలు పట్టినచో ప్రస్తుతము దాని వెల 7 లక్షలకు మించదు. బాగుచేయు ఖర్చే 20 లక్షలైనచో మక్కువ కొలది చేయవచ్చును గాని లాభమునకై చేయరాదు.

2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు లేని సొంత వాహనమును ప్రత్యేకముగా నమోదు చేయించుకొనవచ్చును. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. కావున మెరుగు కొరకు తొందరపడి కొత్త రంగు వేయింపకుడు, ఇంజను మార్పింపకుడు. ముందు దుమ్ము తుడిచి, చాసిస్ పైని అంకెలను కాగితమున వ్రాసికొని, ట్రంకుపెట్టెలో రిజిస్ట్రేషను పుస్తకమున్నదేమో వెదకుడు.