నృత్యంతో మానసిక చికిత్స

తరగతిలో జవాబు పత్రాలు పంచిన రోజున విద్యార్థుల నడక చూస్తే చాలు, ఎవరికి ఏపాటి మార్కులు వచ్చినవో ఉపాధ్యాయుడు సుమారుగా చెప్పగలడు. ఎక్కువ మార్కులు వచ్చినవాడు బల్లల మధ్య గంతులు వేస్తూ వస్తాడు. తప్పినవాడు భుజాలు వంచుకొని అడుగులో అడుగు వేసుకొంటూ తన చోటికి పోతాడు. మనస్సులోని భావం శరీరంలో కనిపించడం మనకు కొత్త కాదు. మరి శరీరపు కదలికను పట్టుకొని మనస్సులోనికి పోవడానికి దారి ఉన్నదా? నృత్య చికిత్స అనే పద్ధతి అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది.

1884లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్ ఒక విచిత్రమైన వాదం చేశాడు. దుఃఖం కలిగి మనం ఏడవడం లేదట. ఏడుస్తున్నాం గనుకనే దుఃఖం అనుభవానికి వస్తున్నదట! శరీరంలోని మార్పులను గ్రహించడమే ఉద్వేగమని అతని అభిప్రాయం. 1927లో వాల్టర్ కానన్ దీనిని ఖండించాడు. కోపంలోను భయంలోను గుండె ఒకే తీరుగా కొట్టుకొంటుంది గదా, అట్టప్పుడు ఆ రెంటికీ గల భేదం శరీరంనుంచి ఎట్లు తెలుస్తుంది అన్నాడు. ఆ వివాదం అట్లుంచి, శరీరంనుంచి మెదడుకు ఎడతెగకుండా వార్తలు పోతుంటాయనడంలో సందేహం లేదు. కళ్ళు మూసుకొని చూపుడువేలితో ముక్కుకొనను ముట్టుకొని చూడండి. చేయి ఎక్కడ ఉన్నదో చూడకుండానే తెలుస్తుంది. కండరాలలో కదురు ఆకారంలో ఉండే సూక్ష్మమైన జ్ఞానాంగాలు కండరం ఎంత సాగినదీ క్షణక్షణం నాడుల ద్వారా తెలుపుతుంటాయి. చెవి లోపలి అర్ధవర్తుల నాళాలు తల ఎటు తిరిగినదీ తెలుపుతాయి. కండరాలు, కీళ్ళనుంచి కలిగే ఈ ఎరుకను గురించి 1906లో షెరింగ్టన్ విపులంగా వ్రాశాడు. ‘ప్రొప్రియోసెప్టివ్’ అనే మాట అతడు వాడినదే. తెలుగులో దీనిని దేహస్థితి జ్ఞానం అనవచ్చు.

శరీరానికి మనస్సుకు ఇంత రాకపోకలు ఉన్నంత మాత్రాన నృత్యం రోగం కుదుర్చుతుందని చెప్పడానికి వీలులేదు. ఆ సంగతి వైద్యశాలలోనే తేలవలె. ఆ ప్రయత్నం చేసినవారిలో ముఖ్యురాలు మేరియన్ ఛేస్ (1896–1970).

ఆమె వృత్తిచేత నర్తకి. వాషింగ్టన్ నగరంలో నృత్యం నేర్పుతుండేవారు. 1942లో ఆ నగరంలోనే ఉన్న సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో పని ప్రారంభించారు. వేలకొలది రోగులున్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి అది; రెండవ ప్రపంచయుద్ధంలో మనస్సు చెదరిన సైనికులు కూడా అక్కడికి వస్తుండేవారు. ఆనాటికి క్లోర్‌ప్రొమజీన్ వంటి మందులు లేవు. అట్టి మందు మానసిక వ్యాధులకు వాడుకలోనికి వచ్చినది 1952లో. సంవత్సరాల తరబడి ఎవరితోను మాట్లాడని రోగులు ఎందరో. మాటలతో చేసే చికిత్స మాటే లేనివానికి ఎట్లు చేయగలరు?

ఛేస్ గ్రామఫోను రికార్డు పెట్టి గదిలో ఉన్నవారిని వలయంగా చేర్చడానికి ప్రయత్నించేవారు. ఆమె వారికి అడుగులు నేర్పలేదు. ఒక రోగి మూలన కూర్చుండి పిడికిలితో తొడమీద కొట్టుకొంటున్నాడనుకొందాం. చికిత్సకురాలు అతని కెదురుగా చేరి, అదే వేగంతో, అదే బిగువుతో తానూ చేయి కదలిస్తుంది. బడిలో పిల్లలు తోటివాని నడకను అనుకరిస్తే అది వెక్కిరింత అవుతుంది. ఇక్కడ అట్లు కాదు. ఆమె అనుసరించేది చేష్టను మాత్రమే కాదు, అందులోని బరువును, తొందరను, సంకోచాన్ని. ‘నీ చెప్పినది నాకు అందింది’ అని ఆ రోగి భాషలోనే జవాబు ఇచ్చినట్లు. అతడు కన్నెత్తి చూస్తే, ఆ కదలికను కొంచెం పెద్దది చేస్తుంది. పిడికిలి విప్పుతుంది, చేయి పైకి ఎత్తుతుంది. అతడు అనుసరిస్తే సంభాషణ మొదలయినట్లే. తరువాత అది పక్కవారికి పాకుతుంది. ఒకే లయలో పదిమంది కదిలితే వారిమధ్య దూరం తగ్గుతుందని వరినాట్ల పాట విన్నవారికి, కోలాటం ఆడినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నృత్యం అనగానే మనకు కూచిపూడి గుర్తుకు వస్తుంది. అక్కడ నర్తకి ఏండ్ల తరబడి నేర్చిన ముద్రలతో, ముందే నిర్ణయమైన భావాన్ని ప్రేక్షకులకు అందిస్తుంది. చికిత్సలో ప్రేక్షకులు లేరు, తప్పు అడుగు అనేది లేదు. కదలిక రోగిది, దానిని చదవడం చికిత్సకుల విద్య. 1966లో అమెరికన్ నృత్య చికిత్సా సంఘం ఏర్పడినప్పుడు ఛేస్ దానికి మొదటి అధ్యక్షురాలు అయినారు.

ఇక రుజువుల మాట. స్కిజోఫ్రీనియా వ్యాధిలో భ్రమలు, లేని మాటలు వినిపించడం ఒక ఎత్తు. మందులు వీనిని చాలావరకు అణచగలవు. ఉత్సాహం చచ్చి, ముఖంలో భావం మాసి, మాట తగ్గిపోవడం మరొక ఎత్తు. ఈ రెండవ రకం లక్షణాలకు మందులు అంతగా పనిచేయవు. 2006లో లండన్‌లో రోరిష్ట్, ప్రీబె అనే వైద్యులు ఇట్టి రోగులు 45 మందితో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. కొందరికి నృత్య చికిత్సకు దగ్గరి బంధువైన దేహ మానసిక చికిత్స, తక్కినవారికి మాటలతో ఊరట. పది వారాలలో ఇరవై తడవలు చేసిన తరువాత మొదటి గుంపులో ఆ లక్షణాలు ఎక్కువగా తగ్గినవి. చాలామంది సంతోషించారు.

కాని ఆ మేలు దేనివలన కలిగింది? ఒళ్ళు కదలినందువలననా, చికిత్సకుల ప్రత్యేకవిద్య వలననా? భౌతికశాస్త్ర ప్రయోగంలో ఒక్క రాశినే మార్చి మిగిలినవానిని స్థిరంగా ఉంచుతాం. ఇక్కడ రెండూ ఒకేసారి మారినవి. పైగా మందును పరీక్షించేటప్పుడు అదే రంగుగల ఉత్త మాత్ర ఇచ్చి పోల్చవచ్చును. ఉత్త నృత్యం అనేది ఎక్కడ దొరుకుతుంది? తాను నృత్యం చేస్తున్నట్లు రోగికి తెలియకుండా ఉండదు గదా!

ఈ చిక్కును విడదీయడానికి ప్రీబె బృందమే మరింత పెద్ద ప్రయోగం చేసి 2016లో ఫలితాలు ప్రకటించింది. ఈసారి 275 మంది రోగులు. పోలికకు తీసుకొన్నది మాటలు కాదు, పిలాటీస్ అనే వ్యాయామం, అదీ గుంపుగానే. అప్పుడు రెండు పద్ధతులకు చెప్పుకోదగిన తేడా కనబడలేదు. తమ మొదటి ఫలితాన్ని తామే కఠినమైన పరీక్షకు పెట్టడం మెచ్చదగిన పని. మనోవ్యాకులత విషయంలో 2015లో జరిగిన కోక్రేన్ సమీక్షకు తగిన ప్రయోగాలు మూడే దొరికినవి. వానిలో పాల్గొన్నవారు అందరూ కలిసి 147 మంది. గట్టి నిర్ణయానికి అది చాలదని సమీక్షకులు వ్రాశారు. 1990 ప్రాంతంలో ఇటలీలోని పార్మా నగరంలో కోతుల మెదడులో కనుగొన్న ‘దర్పణ నాడీకణాల’ను చూపి, ఛేస్ పద్ధతికి మూలం ఇదేనని చెప్పేవారు కలరు. కోతి మెదడుకు, ఆసుపత్రి గదిలోని మనిషి స్వస్థతకు మధ్య ఇంకా చాలా మెట్లు ఉన్నవి.

రుజువులు ఇట్లున్నా, మాట తోచనివారికి ఈ దారి విలువైనదని నమ్మి పనిచేస్తున్నవారు మన దేశంలోనూ ఉన్నారు. 2004లో సోహిని చక్రవర్తి స్థాపించిన కోల్‌కతా సంవేద్ సంస్థ, అక్రమ రవాణానుంచి బయటపడిన బాలికలతోను స్త్రీలతోను ఈ పద్ధతిలో పనిచేస్తున్నది. హింసకు గురి అయినది వారి శరీరమే; జరిగినది నోటితో చెప్పమంటే ఎందరో చెప్పలేరు. తన శరీరం తిరిగి తన స్వాధీనంలోనికి వచ్చినదనే ఎరుక వారికి కదలికలో దొరకవచ్చును.

బడిలో పిల్లలచేత నృత్యం చేయించడం మంచిదే. అది చికిత్స మాత్రం కాదు. వైద్యుడు ఇచ్చిన మందులకు బదులు అంతకంటె కాదు. నిన్నటిదాకా గంతులు వేసిన విద్యార్థి వారాల తరబడి ఎవరితోను కలవక, తిండి నిద్రలు తప్పి ఉంటే, ఉపాధ్యాయుడు తల్లిదండ్రులకు చెప్పి వైద్యునికి చూపించవలె. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ ఉన్నది. 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.