ముదిమియందలి మతిమరపు: చాదస్తమా, వ్యాధియా?

వృద్ధులు చెప్పిన మాటనే మరల మరల చెప్పినను, భుజించి లేచిన వెంటనే తమకింకను అన్నము పెట్టలేదని కోపించినను, తెలిసిన వీధిలోనే దారి తప్పినను, మనము ముసలితనపు చాదస్తమని నవ్వి యూరకుందుము. కొందరు గాలి సోకినదని తాయెత్తులు కట్టింతురు. ఇందువలన రెండు నష్టములు గలవు. కుదుర్పదగిన జబ్బు కుదురకపోవును. కుదురని జబ్బు గల పెద్దలు స్వగృహమందే అవమానము పాలగుదురు. కావున నీ విషయమును గూర్చి కొన్ని సంగతులను చదువరుల కెరిగింపదలచితిమి.

తాళపుచెవి నెచ్చటనో పెట్టి మరచి, వెదకి కనుగొనుట సామాన్యమైన మరపు. తాళపుచెవి దేనికొరకో తెలియకపోవుట వ్యాధిలక్షణము. ఇట్టి వ్యాధులు పెక్కు గలవు. వానిలో ముఖ్యమైనవి రెండు.

మొదటిది అల్జీమరు వ్యాధి. జర్మనీ దేశపు వైద్యుడగు ఆలోయిస్ అల్జీమరు 1901లో ఫ్రాంకుఫర్టు ఆస్పత్రియందు 51 ఏండ్ల స్త్రీ నొకతెను పరీక్షించెను. 1906లో ఆమె మరణింపగా, ఆమె మెదడును సూక్ష్మదర్శినితో జూచి, తాను కన్నదానిని ఆ యేడే వైద్యసభలో వెల్లడించెను. ఈ వ్యాధియందు అమైలాయిడు అను మాంసకృత్తు నాడీకణములకు వెలుపల గడ్డలు కట్టును. టౌ అను మరియొకటి కణములలోపల, చిక్కుపడిన పట్టుదారమువలె, ముడివడును. దసలిపట్టు నెరిగిన మహదేవపురమువారికి చిక్కుపడిన దారము పనికిరాదని వేరుగ చెప్పనక్కరలేదు. వయస్సు, వంశక్రమము దీనికి దోహదము చేయును గాని, మూలకారణ మిదియేయని శాస్త్రజ్ఞు లింకను నిర్ణయింపలేదు.

రెండవది రక్తనాళముల దోషముచే కలుగునది. కాలువ పూడిన పొలమెండునట్లు, రక్తమందని మెదడుభాగము నశించును. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, పక్షవాతము దీనికి హేతువులు. అల్జీమరు వ్యాధి నదీతీరపు వాలువలె మెల్లమెల్లగ దిగును. ఇది తరచుగ మెట్లు దిగినట్లు ఒక్కొక్క దెబ్బకు హెచ్చును. ముదుసలులలో రెండును కలిసియుండుటయు కద్దు.

రోగనిర్ణయమునకు ఏదో యొక్క పరీక్ష చాలదు. మరపు ఎప్పుడు మొదలైనది, హఠాత్తుగనా మెల్లగనా యని వైద్యుడు ఇంటివారి నడుగును. పిమ్మట జ్ఞాపకమును, మాటను, లెక్కను పరీక్షించును. చదువురాని వారిని వ్రాతతో గాక మాటలతోను బొమ్మలతోను పరీక్షింపవలెను. రక్తమును పరీక్షించి, మెదడునకు సి.టి. గాని ఎం.ఆర్.ఐ. గాని తీయింతురు. అల్జీమరు జాడలను రక్తమున కనుగొను పరీక్షలును ఇటీవల వెలువడినవి. థైరాయిడు దోషము, బి-12 విటమిను లోపము, మనోవ్యాకులతయు మరపును కలిగింపగలవు. ఇవి చికిత్సకు లొంగునవి. వైద్యునియొద్దకు శీఘ్రముగ పోవలెననుట కిదియే ముఖ్యకారణము.

హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థయందు డాక్టరు సువర్ణ అల్లాడిగారును సహచరులును ఇట్టి రోగులను 648 మందిని పరిశీలించిరి. వారిలో 240 మందికి అల్జీమరు వ్యాధియు, 189 మందికి రక్తనాళసంబంధమైనదియు నుండెను. ఒక్క భాషయే యెరిగిన వారికంటె రెండు లేక అంతకెక్కువ భాషలు మాటలాడువారికి వ్యాధి సుమారు 4½ ఏండ్లు ఆలస్యముగ కనబడెనని 2013లో వారు ప్రకటించిరి. అక్షరజ్ఞానము లేని వారియందును ఈ భేదము కనబడెను. భాషలు వ్యాధిని రాకుండ చేయునని దీని యర్థము గాదు. మెదడునకు కొంత నిలువబలము చేకూరునని యూహింపవచ్చును. గోదావరికి ఈవల తెలుగు, ఉరుదూ, ఆవల మరాఠీ వినబడు ఈ సీమవారికి ఇది గమనింపదగిన సంగతి.

అల్జీమరు వ్యాధిని నిర్మూలించు మందు ఇంకను లేదు. లక్షణములను కొంత తగ్గించు మందులు గలవు. అయినను ప్రపంచమున ఇట్టి వ్యాధులలో దాదాపు నూటికి 45 పాళ్లు, మనము మార్చుకొనగల 14 కారణములతో సంబంధించినవని 2024లో లాన్సెట్ పత్రికవారి సంఘము తెలిపెను. బాల్యమున చదువు లేకుండుట, చెవుడు, రక్తపుపోటు, మధుమేహము, పొగ, ఒంటరితనము వానిలోనివి.

విద్యార్థులారా! మీ యింటి తాతగారో అవ్వగారో అడిగినదే పదిమారులడిగిన, పదిమారులును శాంతముగ బదులు చెప్పుడు. ఆ మార్పు ఎన్నడు మొదలైనదో గుర్తుంచుకొని తలిదండ్రులకు తెలుపుడు. వైద్యునకు ఆ యొక్క మాట మిక్కిలి యుపకరించును.