కెమెరాకు మూడు కాళ్ళు

బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలో ఉస్లాపూర్ స్టేషను ఉంది. చీకటి పడ్డాక బయట నిలబడి ఆ స్టేషను దీపాలను ఫోటో తీయాలనుకోండి. వెలుతురు చాలదు కనుక షట్టరు ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉండాలి. అంతసేపు చేయి కదపకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. అందుకే ట్రైపాడ్.

కాళ్ళు మూడే ఎందుకు? ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ళ కుర్చీ ఊగుతుంది, ముక్కాలిపీట ఊగదు. ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక తలం పోతుందని రేఖాగణితంలో చదివే ఉంటారు.

చేతిలో డబ్బు తక్కువైతే ఎత్తు చూసి మురిసిపోకండి, కాళ్ళ లావు చూడండి. గోడ మందం మారకుండా గొట్టం వ్యాసం రెట్టింపయితే, వంగకుండా నిలిచే గుణం సుమారు 8 రెట్లవుతుంది. ఒకదానిలోంచి ఒకటి జారే కాలి ముక్కల్లో చిట్టచివరిదే అన్నిటికన్నా సన్నం. కాబట్టి 5 ముక్కల కాలు కన్నా 3 ముక్కలదే నయం. మడిచినా కాస్త పొడవుగా ఉంటుంది, అంతే. కొట్లోనే కాళ్ళు పూర్తిగా చాచి, పైన వేలితో తట్టండి. వణుకు చప్పున ఆగాలి. మర బిగించాక కూడా కెమెరా ముక్కు కిందికి వాలుతుంటే అది వద్దు. మధ్య కడ్డీని పైకి లాగడమంటే మూడు కాళ్ళ మీద మళ్ళీ ఒంటికాలు నిలబెట్టడమే!

కడ్డీ దించి, కింద కొక్కెం ఉంటే ఇటుకల సంచీ తగిలించండి. సంచీ ఊగకుండా నేలను కాస్త తాకాలి. సెల్ఫ్ టైమర్ పెడితే వేలి తాకిడి ఫోటోలో పడదు. గూడ్సు బండి పోతుంటే మాత్రం నేలే కంపిస్తుంది; దానికి ఎంత ఖరీదైన ట్రైపాడైనా విరుగుడు కాదు. బండి దాటేదాకా ఆగి, అప్పుడు నొక్కండి.