మాట మనసుకు చేరాలంటే...

ఫిరౌన్ దర్బారుకు వెళ్ళమని దైవాజ్ఞ అయినప్పుడు హజ్రత్ మూసా (అలైహి) సైన్యాన్ని కోరలేదు, సంపదను కోరలేదు. తన హృదయాన్ని విశాలం చేయమనీ, తన పని సులభం చేయమనీ, తన నాలుకలోని ముడి విప్పమనీ ప్రభువును వేడుకున్నారు. ఆ ముడి ఎందుకు విప్పాలి? గొప్ప వక్త అనిపించుకోవడానికి కాదు, తన మాట వారికి అర్థం కావడానికి! దివ్యఖుర్ఆన్‌లోని తాహా సూరాలో ఈ ప్రార్థన ఉంది. తనకంటే ధారాళంగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలైహి)ను తోడుగా ఇవ్వమని కూడా ఆయన అడిగారు. ఆ ఇద్దరినీ పంపుతూ అల్లాహ్ చేసిన ఉపదేశం గమనించదగినది. ఫిరౌన్‌తో మృదువుగా మాట్లాడమన్నాడు. తానే దేవుడినని విర్రవీగినవాడితోనే మెత్తగా మాట్లాడాలంటే, ఫజర్ నమాజుకు లేవని కొడుకు మీద మనం విరుచుకుపడే తీరును ఏమని సమర్థించుకుంటాం?

మాట చేరవేయడం, ఎదుటివారిని ఒప్పించడం చాలాకాలంగా పండితులు పరిశీలిస్తున్న విషయం. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఒప్పించే మాటకు మూడు ఆధారాలు చెప్పాడు: చెప్పేవాడి శీలం, వినేవాడి మనఃస్థితి, మాటలోని తర్కం. ఆయన గ్రంథం అరబీలోకి వచ్చాక ఫారాబీ, ఇబ్నె రుష్ద్ వంటి ముస్లిం పండితులు దానిపై వ్యాఖ్యానాలు రాశారు. 1948లో అమెరికన్ ఇంజనీరు క్లాడ్ షానన్ టెలిఫోను వంటి సాధనాలను దృష్టిలో పెట్టుకుని మరో నమూనా ఇచ్చాడు: పంపేవాడు, మార్గం, అందుకునేవాడు, నడుమ సందేశాన్ని చెడగొట్టే రొద. తీగలకు చక్కగా సరిపోయిన ఈ లెక్క మనుషుల దగ్గరికి వచ్చేసరికి చాలదు. మనిషి విన్నదాన్ని తన అనుభవంతో, భయంతో, అభిమానంతో కలిపి అర్థం చేసుకుంటాడు. రొద చాలాసార్లు వినేవాడి గుండెలోనే ఉంటుంది.

సఫా కొండ సంఘటన చూడండి. మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆ కొండ ఎక్కి ఖురైష్ వంశాలను పేరుపేరునా పిలిచారు. మీపై దాడి చేయడానికి అశ్వదళం పొంచి ఉందంటే నమ్ముతారా అని అడిగారు. ఆయన నోట అబద్ధం ఎన్నడూ విననందున నమ్ముతామన్నారు వారు. అప్పుడు ఆయన రానున్న దైవశిక్ష గురించి హెచ్చరించారు. వెంటనే అబూలహబ్ శాపనార్థాలకు దిగాడు. చెప్పినవారు సత్యసంధులు, మాట స్పష్టం. అయినా వినేవాడి అహం అడ్డు నిలిచింది. గుర్తుచేయడమే ప్రవక్త బాధ్యత అనీ, బలవంతపెట్టే అధికారి కాదనీ గాషియా సూరాలో అల్లాహ్ తెలియజేశాడు. పిల్లలను మాటతో కాక అధికారంతో దారికి తేవాలనుకునే తండ్రులకు ఇది అంత సులభంగా మింగుడుపడదు.

మరి తప్పుదారి పట్టబోయేవాణ్ణి చూస్తూ ఊరుకోవాలా? ముస్నద్ అహ్మద్‌లో హజ్రత్ అబూ ఉమామా (రజి) ఉల్లేఖనం ఒకటుంది. ఓ యువకుడు వచ్చి తనకు వ్యభిచారానికి అనుమతి ఇమ్మని ప్రవక్తనే అడిగాడు. చుట్టూ ఉన్నవారు అతణ్ణి గద్దించారు. ప్రవక్త (సఅసం) మాత్రం దగ్గరికి రమ్మని కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో ఇలాంటిది ఇష్టపడతావా అని అడిగారు. లేదన్నాడు. ఇతరులూ తమ తల్లుల విషయంలో ఇష్టపడరని చెప్పారు. తర్వాత కూతురు, చెల్లెలు, మేనత్త, పినతల్లి... ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి అతనిపై చేయి ఉంచి అతని క్షమాపణ కోసం, హృదయ శుద్ధి కోసం, శీల రక్షణ కోసం దుఆ చేశారు. ఆ యువకుడు మళ్ళీ అటువైపు చూడలేదు.

ఈ ఉల్లేఖనంలో నరకం ప్రస్తావన లేదు, నలుగురిలో అవమానించడం లేదు. జవాబు ఆ యువకుడి నోటినుంచే వచ్చింది. ఇతరులు చెప్పిన కారణం కన్నా తానే చెప్పుకున్న కారణం మనిషిని ఎక్కువగా కదిలిస్తుందని ఇరవయ్యో శతాబ్దపు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాల్లో గమనించారు. అయితే ముందు ఆ యువకుడు భయం లేకుండా అడగగలిగాడన్నది మరువకూడదు. అలాంటి ప్రశ్న మన ఇళ్ళలో ఏ కుర్రవాడైనా అడగగలడా? ఇంట్లో అడగలేనిది సెల్‌ఫోనును అడుగుతున్నాడు.

వినేవారి మనసెరిగి మాట్లాడటం వేరు, వారికి నచ్చేలా సత్యాన్ని మార్చడం వేరు. అబిసీనియాకు వలస వెళ్ళిన ముస్లిములను వెనక్కి తేవడానికి ఖురైషులు కానుకలతో రాయబారులను పంపారు. వారు ముందుగా ఆస్థానంలోని పెద్దలను మంచి చేసుకున్నారు. ముస్లిముల పక్షాన హజ్రత్ జాఫర్ (రజి) లేచి, ఒకప్పుడు తాము ఎలా బ్రతికారో, ప్రవక్త రాకతో ఎలా మారారో చెప్పారు. క్రైస్తవుడైన నజాషీ రాజు ఎదుట మర్యమ్ సూరా తొలి వాక్యాలు పఠించారు. రాజు కంటతడి పెట్టాడు. మరునాడు రాయబారులు ఈసా (అలైహి) గురించి వీరేమంటారో అడగమని రాజును ఎగదోశారు. ఆశ్రయం పోయే ప్రమాదం ఉంది. అయినా జాఫర్ (రజి) ఆయన దైవదాసుడనీ, దైవప్రవక్త అనీ ఉన్నదున్నట్టే చెప్పారు. ఆస్థానం గుసగుసలాడినా రాజు ఆశ్రయం రద్దు చేయలేదు, కానుకలు తిప్పి పంపాడు. వాట్సాప్‌లో నిజానిజాలు చూడకుండా 'ధర్మం కోసం' సందేశాలు పంచేవారు ఈ రెండో రోజు సంఘటనను చదవాలి.

ఇక భాష. ప్రతి ప్రవక్తనూ వారి జాతి భాషతోనే పంపినట్టు ఇబ్రాహీమ్ సూరా చెబుతోంది. కోస్తా జిల్లాల నూర్‌బాషా కుటుంబాల్లో ఇంటిభాష తెలుగే. జుమా రోజు బయాన్ పూర్తిగా ఉర్దూలో సాగితే వారి పిల్లలు గోడ గడియారం చూస్తూ కూర్చుంటారు. ఉర్దూ మీద గౌరవం తగ్గనక్కర్లేదు, పది నిమిషాలు తెలుగులో చెబితే చాలు.

నోటిమాట ఒక్కటే మాట కాదు. హిజ్రీ 255లో మరణించిన బస్రా పండితుడు అల్ జాహిజ్ భావాన్ని వ్యక్తం చేసే సాధనాలు ఐదు చెప్పాడు: పదం, సైగ, వేళ్ళ లెక్క, రాత, స్థితి. ఈ చివరిది చిత్రమైనది. నోరు మెదపకుండానే ఉన్న తీరు మాట్లాడుతుంది. 628లో హుదైబియా సంధి తర్వాత, బలి ఇచ్చి శిరోముండనం చేసుకోమని ప్రవక్త (సఅసం) మూడుసార్లు చెప్పినా, కాబా దర్శనం కాలేదన్న దుఃఖంలో ఉన్న సహచరులు లేవలేదు. ఆయన గుడారంలోకి వెళ్ళి సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)తో ఈ సంగతి చెప్పారు. ఎవరితో ఒక్కమాటా అనకుండా బయటికి వెళ్ళి మీ బలి మీరిచ్చి, క్షురకుణ్ణి పిలవండి అని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు, బలులు ఇచ్చారు, ఒకరి తల ఒకరు గొరగసాగారు. ఆ దుఃఖంలో, ఆ తొందరలో ఒకరినొకరు గాయపరచుకుంటారేమో అన్నంత పని అయిందని ఉల్లేఖనం.