ఇటలీ చిత్రకారుడు - లాల్‌దర్వాజా బోనము

ఆషాఢమాసమున లాల్‌దర్వాజా సింహవాహిని మహాకాళి యాలయమునకు బోనములు వచ్చువేళ ఆ వీథిలో నిలిచి చూచినవారికి మేము చెప్పవలసినది లేదు. పసుపు పూసిన కుండలు, వేపమండలు, తలలపై దీపములు, పోతరాజు కొరడా, మీద మబ్బుపట్టిన యాకాశము: చిత్రకారున కింతకంటె గావలసినదేమి? అయినను మన శ్రీమంతుల గోడలపై దఱచుగ గానవచ్చునవి వారెన్నడును జూడని మంచుకొండలు. ఈ సందర్భమున ఒక ఇటలీ చిత్రకారుని చరిత్రము స్మరణీయము.

ఆంటోనియో ఫొంటనేసి 1818లో రెజ్జో ఎమీలియా పట్టణమున జన్మించెను. నాటికి ఇటలీ ఖండఖండములై పరాధీనమై యుండెను. 1848లో స్వాతంత్ర్యసమరము చెలరేగగా నతడు కుంచె విడిచి గరిబాల్డీ స్వచ్ఛందసేనలో జేరెను. ఆ ప్రయత్నము విఫలముకాగా జెనీవాలో ప్రవాసియై, ప్రకృతిచిత్రములు వ్రాసి జీవించెను. ఫ్రాన్సుదేశపు చిత్రకారులను, లండనున టర్నరు కృతులను జూచి తన చేతిని దిద్దుకొనెను. 1869లో ట్యూరిను కళాశాలయందు ప్రకృతిచిత్రణమున కుపాధ్యాయుడయ్యెను.

1876లో జపాను ప్రభుత్వము టోకియోలో నూతనముగ స్థాపించిన కళాపాఠశాలకు ఆయనను రప్పించుకొనెను. విద్యలకై పరదేశులను జీతమిచ్చి పిలిచినను, ఏలుబడి వారి చేతి కీయని దేశమది. ఆ భేదమును మనవారు గుర్తింపవలెను. ఆ పాఠశాలలో స్త్రీలకును బ్రవేశముండెను. ఆరోగ్యము చెడి ఫొంటనేసి 1878లో మరలిపోయి, 1882లో ట్యూరినున గాలధర్మము నొందెను. పాఠశాల 1883లో మూతపడెను. పిదప స్వదేశకళాభిమానము ప్రబలి, 1889లో దెఱచిన టోకియో కళాశాలలో మొదట పాశ్చాత్యచిత్రలేఖనమునకు జోటే లేకపోయెను.

అంతమాత్రమున ఆ రెండేండ్ల బోధనము వ్యర్థమయ్యెనా? కాలేదు. ఆయన శిష్యుడు ఆసాయి చూ 1890లో ‘పంటకోత’ అను చిత్రమును వ్రాసెను. తైలవర్ణముల విద్య యూరపుది. అందలి వరిపనలును, పనిచేయు రైతులును జపానుదేశమువారు.

మన రాజమహేంద్రవరమునను కూల్డ్రే దొర ప్రోత్సాహమున దామెర్ల రామారావు చిత్రకారుడై, 1923లో పాఠశాల నెలకొల్పి, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే 1925లో మనకు దూరమయ్యెను. గురు వే దేశమువాడైనను జింతలేదు. చూపు మనది కావలెను. మంచుకొండ పటమునకు బెట్టు సొమ్ముతో మన భూస్వాములు ఒక పేదబాలునకు రంగులు కొనియిచ్చి, వచ్చు ఆషాఢమున లాల్‌దర్వాజాకు బంపుదురని యాశించుచున్నాము.