అటకమీది పాటలపెట్టె

గత వేసవియందు పల్నాటిసీమలోని మాచవరమున మా మేనత్తగారి యింట పదునైదు దినము లుండవలసివచ్చినది. వారి యింటి వెనుకభాగమును పడగొట్టి క్రొత్తగా కట్టించుచుండిరి. తెల్లవారినది మొదలు ఇసుక వెల, పిడుగురాళ్ల సున్నము, మేస్త్రీకూలి, ఇవియే మాటలు. ఆ సందడిలో అటక ఖాళీచేయుట ఆడువారి పాలబడినది. ఇత్తడి గుండిగలు, ఉయ్యాలగొలుసులు, నోరు విరిగిన జాడీలు ఒక్కొక్కటిగా దింపిన పిదప, చిట్టచివరి మూలనుండి రేకుపెట్టె యొకటి దిగినది. అందు పాతచీర మడతల నడుమ 23 గ్రామఫోను ప్లేట్లు.

మా బావగారు పెట్టె నెత్తిచూచి, "అమ్మా, ఇవి పెట్టుకొని ఏం చేస్తావు? మిషను పాడై ముప్పయ్యేళ్లయింది. రేపు పాతసామాన్లవాడు వస్తాడు, ఇచ్చేద్దాం" అనెను. మేనత్తగారు చేతిలోని చీపురు దించకయే, "ఇల్లు నీ యిష్టం నాయనా. ఆ పెట్టె మాత్రం నాది" అనిరి.

ఎనుబది యేండ్లు దాటిన యామె ఆ యింటిలో దేనినిగూర్చియైనను "నాది" యని పలుకగా నేనంతకుముందు వినలేదు. అందుచేతనే ఈ ప్లేట్ల సంగతి యేమో తెలిసికొనవలెనని నాకు కుతూహలము కలిగినది. తెలిసినవారి నడిగియు, చదివియు నేను గ్రహించిన దానిని సోదరీమణులకు విన్నవించుచున్నాను. ఏలయన ఇట్టి పెట్టెలు మన యిండ్లలో ఇంకను కొన్ని యుండకపోవు.

మేనత్తగారి ప్లేట్లు లక్కవి. మన గాజులకును, పిల్లల పిడతలకును వాడు లక్కయే. చెట్టుకొమ్మల నంటియుండు చిన్న పురుగులు స్రవించు నా పదార్థమును శుద్ధిచేసి, రాతిపొడియు మసియు కలిపి, వేడిమీద అచ్చునొక్కిన గ్రామఫోను ప్లేటగును. అది నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పదియంగుళముల ప్లేటునకు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషముల పాట పట్టును. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడినప్పుడు, ఆ మూడు నిమిషములు ముగియుచుండగా తన పేరు తానే ఇంగ్లీషున చెప్పుకొనెడిది. ఆ కాలమున మన దేశపు పాటలను జర్మనీలోని హానోవరునకు పంపి అచ్చొత్తించి తెప్పించెడివారు. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. 1948లో అమెరికాలో వినైలను పదార్థముతో, నిమిషమునకు 33 చుట్లకు కొంచె మెక్కువగా తిరుగు పెద్దప్లేటు వచ్చినది. దీనినే ఎల్.పి. యందురు. ఒక్క ప్రక్కనే ఇరువది నిమిషములకు మించి పాట పట్టుటచేతను, లక్కవలె పెళుసు గాకుండుటచేతను క్రమముగా లక్కప్లేటు మూలబడినది. పిమ్మట క్యాసెట్టు వచ్చి ఎల్.పి.ని, వెండిబిళ్లవంటి సీడీ వచ్చి క్యాసెట్టును త్రోసివేసినవి.

ఇంతవరకు మనకందరకు తెలిసినదే. ఆశ్చర్యమేమన, త్రోసివేయబడిన వినైలు ప్లేటు మరల వచ్చి పీటవేసికొని కూర్చున్నది. 2022లో అమెరికాలో నాలుగుకోట్ల పదిలక్షల వినైలు ప్లేట్లు అమ్ముడుపోగా, సీడీలు మూడుకోట్ల ముప్పదిలక్షలు మాత్రమే పోయినవి. 1987 తరువాత ప్లేట్లు సీడీలను మించుట అదియే మొదలు. మన దేశమునందును ముంబయిలో ప్లేట్లు నొక్కు యంత్రము లీమధ్య మరల తిరుగుచున్నవి. అరచేతిలోని సెల్‌ఫోనున కోరిన పాట క్షణములో వచ్చు నీ దినములలో, వేలు పోసి ఈ నల్లని పళ్లెములు కొనువారెవరు? ఏ పాటలకై కొనుచున్నారు?

అట్లు కొనబడువానిలో ఒక జాతి చిత్రమైనది. 1950 ప్రాంతముల అమెరికాలో "ఎక్జాటికా" యను సంగీత మొకటి ప్రబలినది. దూరదేశముల సంగీతమువలె వినబడవలెనని అమెరికావారే కూర్చుకొన్న సంగీతమది. 1951లో లెస్ బాక్స్‌టర్ అనునాతడు అడవులు, మృదంగములు, తెలియని భాషల కోరసులు కలిపి ప్లేటు వెలువరించెను. మార్టిన్ డెన్నీ హవాయి ద్వీపమున హోటలులో వాయించుచుండగా దగ్గరి కొలనులోని కప్పలు బెకబెకలాడినవట. జట్టువారు సరసమునకు పక్షుల కూతలు కూసిరట. వినువారికి పాటకన్న ఆ కూతలే నచ్చినవి! 1957లో అతడు వెలువరించిన ప్లేటు పేరే ఆ జాతి సంగీతమున కంతకు పేరైనది. దాని అట్టమీద వెదురుతెర సందునుండి తొంగిచూచు స్త్రీ బొమ్మ యున్నది. నేడు కొనువారిలో పలువురు ఆ అట్టబొమ్మకే సగము వెల యిచ్చుచున్నారని నా యనుమానము. పాతవి దొరకుట కష్టమగుటచే, వానినే రంగురంగుల వినైలుమీద మరల మరల అచ్చొత్తి అమ్ముచున్నారు.

ఈ సంగీతమున మన దేశమునకును ఒక పీట వేసిరి. 1949 నుండి లాస్ ఏంజిలీసు టెలివిజనులో కోర్లా పండిట్ అను పేరున నొకడు రత్నము పొదిగిన తలపాగా చుట్టి, ఒక్కమాటయైన పలుకక, కన్నార్పక చూచుచు ఆర్గను వాయించెడివాడు. అతడు ఢిల్లీలో పుట్టిన బ్రాహ్మణకుమారుడని ప్రతీతి. అమెరికా గృహిణులు అతనికై పనులు మానుకొని కూర్చుండెడివారట. 1998లో అతడు చనిపోయిన పిదప, 2001లో నిజము బయటపడినది. అతని అసలుపేరు జాన్ రోలండ్ రెడ్. మిస్సోరీ రాష్ట్రమున పుట్టిన నల్లజాతివాడు. నల్లవాని కా దినములలో దొరకని పీట తలపాగావానికి దొరకినది! అతనిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. అతని ప్లేట్లును నేడు వెదకి కొనుచున్నారు.

వారికి నిజమైన భారతస్త్రీ యొకతె 1961లో న్యూయార్కునందే కానవచ్చినది. ఆమె మన టంగుటూరి సూర్యకుమారి. రవీంద్రనాథుని "రాజా" నాటకమున ఆమె నటించినది. ఆమె పేరు మన కెట్లు తెలిసినది? గ్రామఫోను ప్లేటు మూలముననే. శంకరంబాడి సుందరాచారిగారు సినిమాకై వ్రాసి, అందు చోటు దొరకని "మా తెలుగుతల్లికి" గీతము సూర్యకుమారి కంఠమున ప్లేటుగా వెలువడి యింటింటికి చేరినది. కడకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీత మైనది. రావు బాలసరస్వతీదేవి ఆరేండ్ల ప్రాయముననే ప్లేటుకు పాడినది. సాలూరి రాజేశ్వరరావుగారి లలితగీతములును, కరుణశ్రీగారి "పుష్పవిలాపము"నకు ఘంటసాలవారి గానమును సినిమాతో సంబంధము లేకయే ప్లేట్లమీద నిలిచినవి. సభకు పోవ వీలులేని స్త్రీ యింటినుండియే వినుట కిది తోడ్పడినది. సభలో పాడ వీలులేని స్త్రీకి మాత్రము కంపెనీ గది యెంతవరకు తోడ్పడినదో చెప్పలేను. ప్లేట్లకు పాడిన గృహిణులు కొలదిమందియే.

మరి విదేశములవలె మన పాతప్లేట్లన్నియు మరల అచ్చుపడరాదా యని మీకు తోచవచ్చును. నాకును తోచినది. అచ్చు సంగతి తెలిసిన పిమ్మట సందేహము తీరినది. గాయకుడు పాడిన మూలమునుండి మొదట లోహపు తిరుగుడచ్చు తీయుదురు. దానినుండి తీసిన రెండవ లోహపుబిళ్లను ఆ వృత్తివారు ఇంగ్లీషున "తల్లి" యనియే పిలుతురు. ఆ తల్లినుండి నొక్కుడచ్చులు తీసి వానితో ప్లేట్లు నొక్కుదురు. నొక్కుడచ్చు అరిగినను తల్లి యున్నంతకాలము పాటకు చావులేదు. తల్లియే పోయినచో? ఎవరియింటనో దాగియున్న ప్లేటునుండి ధ్వనిని పట్టుకొనవలసినదే, వేరు దారి లేదు. లక్షలుగా అమ్ముడుపోయిన అమెరికా ప్లేట్లకు మూలముల నెవరైనను భద్రపరచుదురు. మన పద్యనాటకముల ప్లేట్లకు, లలితగీతములకు ఆ భాగ్యము తక్కువ. 1930 ప్రాంతముల టాకీలలో పెక్కింటికి ఫిలుమే మిగులలేదు. కొన్నింటి పాటలు ప్లేట్లలో మాత్రమే బ్రదికియున్నవి.

కనుకనే సేకరించువారు మనకు అంగడివారికన్న ముఖ్యులైరి. చెన్నపట్టణమున వి.ఏ.కె. రంగారావుగారు 40,000 కు మించిన 78 చుట్ల ప్లేట్లు కూర్చి, వానిలోని పాటల వంశచరిత్రలను "ఆలాపన" శీర్షికన తెలుగువారికి చెప్పిరి. 1990లో ముంబయిలో ప్లేట్లు సేకరించువారు ఒక సంఘముగా ఏర్పడిరి. ఇట్టివారి యలమారలు లేకున్న, మరల అచ్చువేయుటకు కంపెనీల కేమి మిగులును? వారి యలమారలలోనికి ఆ ప్లేట్లెక్కడనుండి వచ్చినవి? మా మేనత్తగారివంటి వారి అటకలనుండియే. ఉంచుదమా, పాతసామాన్లవాని కిత్తుమా యని నిర్ణయించునది సాధారణముగా ఇల్లు సర్దు ఆడుది. ఆమె కెవరును ఈ సంగతి చెప్పరు.

ఇక మాచవరమునకు వత్తము. గుంటూరునుండి ప్లేట్లు సేకరించు పెద్దమనిషి యొకరిని పిలిపించితిని. తోలుపెట్టెలో కీ త్రిప్పు గ్రామఫోను తెచ్చుకొని వచ్చిరి. వసారాలో చాపపరచి 23 ప్లేట్లను వరుసగా చూచిరి. పదునాలుగు సినిమాప్లేట్లు, పలుచోట్ల దొరకునవేనట. నాలుగు లలితగీతములు. రెండు పగిలినవి. మిగిలిన మూడును పద్యనాటకపు ప్లేట్లు. అందొకదాని కాగితము చెదలు తిని పేరు తెలియకుండెను. ఆయన వెలుగునకు త్రిప్పి, కాగితము ప్రక్కన లక్కమీదనే పొడిచియున్న చిన్న అంకెలు వ్రాసికొని, "అమ్మా, ఇదెక్కడిది?" అని మెల్లగా నడిగిరి. ఆ ప్రశ్నతోనే దాని విలువ మాకు తెలిసినది.

క్రొత్త సూది బిగించి పెట్టగా హరిశ్చంద్రుని కాటిసీను పద్యములు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి "సత్యహరిశ్చంద్రీయము" ఆడునప్పుడు, కాటిసీనున జాషువాగారి శ్మశానపద్యములను నటులు చేర్చి పాడుట ఆంధ్రదేశ మెరిగినదే. జాషువాగారు వినుకొండవారు, మా పల్నాటివారికి అవి యింటిపద్యములు. ప్లేటునకు ఒకచోట వెండ్రుకవంటి బీట. చుట్టు చుట్టునకు "టిక్కు" మని వినబడుచుండెను. మొదటి పద్యము సగమైనదో లేదో, తలుపుచెంత నిలుచున్న మా మేనత్తగారు ప్లేటుతో కలిసి పాడసాగిరి. మా బావగారు నోరుతెరచి చూచుచుండెను. అరువదియేండ్ల కొడుకునకు తన తల్లి పాడునని తెలియదు!

"1957లో కాపురానికొచ్చాను తల్లీ," అని యామె నాతో తరువాత చెప్పిరి. "ఊళ్లో హరిశ్చంద్ర ఆడితే తెల్లవార్లూ మగాళ్లంతా అక్కడే. కోడళ్లు గడప దాటకూడదు. మామయ్యగారు మాత్రం అరుగుమీద మిషను పెట్టేవారు. ఈ తలుపుచాటునుంచి విని నేర్చుకున్నా. పొయ్యిదగ్గర ఎవరూ లేనప్పుడు పాడుకునేదాన్ని."

ఆ పెద్దమనిషి చెప్పిన వెల మేస్త్రీ కూలికి నెలదినములు సరిపోవును. బావగారు తల్లివంక చూచెను. ఆమె తల యడ్డముగా త్రిప్పిరి. ఎంతోసేపు మాటలైన పిమ్మట, నాటకపు ప్లేట్లు మూడును గుంటూరునకు తీసికొనిపోయి, ధ్వనిని యంత్రములోని కెక్కించుకొని తిరిగి తెచ్చియిచ్చునట్లు ఒప్పందమైనది. ఎవరైనను మరల అచ్చువేయించినచో మా యింటి ప్లేటు మూలమని తెలుపుదునని ఆయనయే కాగితము వ్రాసియిచ్చిరి.

పోవుచు ఆయన చెప్పిన జాగ్రత్తలు మీకును పనికివచ్చును. లక్కప్లేటును స్పిరిటుతో తుడువరాదు. లక్క అందు కరగిపోవును. పలుచని సబ్బునీట తడిపి పిండిన మెత్తని గుడ్డతో, కాగితము తడియకుండ, గాళ్లవెంట గుండ్రముగా తుడిచి నీడన ఆరబెట్టవలెను. ఒకదానిపై నొకటి పేర్చరాదు. పుస్తకములవలె నిలువుగా పెట్టవలెను. మన పల్నాటి యెండకు ప్లేటు అప్పడమువలె వంగును. పాత గ్రామఫోనుమీద వినైలు ప్లేటు పెట్టరాదు. ఆ ఇనుపసూది, బరువు దానిని దున్నివేయును. క్రొత్తయంత్రముమీద లక్కప్లేటు వినదలచినచో 78 చుట్ల వేగమును, దానికి తగిన వెడల్పుమొన సూదియు ఉండవలెను.

నెలదినములకు ప్లేట్లు క్షేమముగా వచ్చినవి. వానితోపాటు, గరగర తీసి శుభ్రపరచిన పాట సెల్‌ఫోనున వచ్చినది. బావగారు దానిని తల్లి చెవిదగ్గర పెట్టి వినిపించెను. గొంతు నిన్న పాడినట్లున్నది. ఆమె కండ్లు మూసికొని విని, పాడబోయి, రెండుచోట్ల తడబడి ఆగిరి.

"బాగుందిరా. ఆ టిక్కు ఏది? అది వినపడ్డప్పుడే నేను ఊపిరి తీసుకునేదాన్ని" అనిరి.

క్రొత్తగదిలో తూర్పుగోడకు అలమార కట్టించిరి. ప్లేట్లు అందు నిలువుగా నున్నవి. పాత మిషను బాగుచేయించుటకు బావగారు గుంటూరు పంపిరి.